ఆ నడిమి పిన్ను ఏమైంది?

కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే గాడి ఒకటి ఉంటుంది. హాట్ షూ అంటాం. రెండు పక్కలా స్టీలు పట్టీలు, మధ్యలో నల్లటి పలక, దాని మీద ఆవగింజంత మెరిసే చుక్కలు నాలుగైదు. వాటన్నిటిలోకీ పెద్దది నట్టనడుమ ఉంటుంది. షట్టర్ తెరుచుకున్న క్షణంలో ఆ చుక్కకీ, పక్కనున్న పట్టీకీ మధ్య సర్క్యూట్ కలుస్తుంది. ఫ్లాష్ కొడుతుంది. ఇంతే దాని పని. మిగతా చిన్న చుక్కల గుండా కెమెరా, ఫ్లాష్ తమ కంపెనీ భాషలో ఏవో మాట్లాడుకుంటాయి: ఎంత వెలుతురు వదలాలి, లెన్స్ ఎంత జూమ్‌లో ఉంది వగైరా. నడిమి చుక్కకి ఆ కబుర్లేవీ అక్కర్లేదు. దాని చోటు, కొలతలు ఐఎస్‌ఓ 518 అనే అంతర్జాతీయ ప్రమాణంలో రాసిపెట్టి ఉన్నాయి. కానన్ ఫ్లాష్ తెచ్చి పెంటాక్స్ మీద పెట్టండి, ఊరూపేరూ లేని కంపెనీ ఫ్లాష్ తెచ్చి నికాన్ మీద పెట్టండి, మాన్యువల్‌లో ఉంచితే టప్పున కొడుతుంది. ఊరుమ్మడి బావి లాంటిదన్నమాట. ఎవరి చేదతో వాళ్లు తోడుకోవచ్చు.

2018లో కానన్ రెండు చవక బాడీలు తెచ్చింది, ఈఓఎస్ 1500డి, 3000డి. మరుసటేడు 200డి మార్క్ టూ. మూడింటిలోనూ హాట్ షూ ఉంది, పట్టీలున్నాయి, చిన్న చుక్కలున్నాయి. నడిమి చుక్క మాత్రం లేదు.

లేకపోతే ఏమవుతుందని అడిగేవాళ్లు మన పెళ్లిళ్లలో తలంబ్రాల ఫొటో ఎలా తీస్తారో చూడాలి. మండపం మీద పసుపుపచ్చ ఎల్‌ఈడీలు, వీడియో తమ్ముడి లైటు, వాటి మధ్య పీటల మీద ఇద్దరు. వాళ్ల వెనక, పూల దండల చాటున, స్టాండు మీద మనం పెట్టుకున్న ఫ్లాష్. కెమెరా మీద చిన్న రేడియో ట్రిగ్గర్. దోసిట్లోంచి జారిన బియ్యం పెళ్లికూతురి తల మీద పడేలోపు ఆ వెనక ఫ్లాష్ కొట్టాలి. పవర్ తగ్గించి పెడితే ఫ్లాష్ వెలిగి ఆరేది సెకనులో కొన్ని వేలో వంతు. అందుకే పసుపు పట్టిన ఒక్కో గింజా గాల్లో విడివిడిగా నిలబడిపోతుంది, అంచున మెరుపుతో సహా. కొట్టకపోతే గింజలన్నీ గీతలైపోతాయి. ఇంకోసారి పోయమని అడగొచ్చు, అడుగుతాం కూడా. కానీ ఆ రెండోసారి నవ్వులో మొదటిసారి ఉన్న సిగ్గు ఉండదు.

చవక ట్రిగ్గర్లు చాలావాటికి తెలిసిందల్లా ఆ నడిమి చుక్క ఒక్కటే. అది లేని బాడీ మీద వాటికి షట్టర్ తెరుచుకున్న సంగతే తెలియదు. కానన్ సొంత ఫ్లాష్‌లు పనిచేస్తాయి. కానన్ భాష నేర్చిన బయటి కంపెనీలు కొన్ని ఫర్మ్‌వేర్ మార్చుకుని దారిలో పడ్డాయి. కానీ స్టూడియోలో మూలనున్న పాత ట్రిగ్గర్, అన్న దగ్గర తమ్ముడికి వచ్చిన మాన్యువల్ ఫ్లాష్, వీటికి ఫర్మ్‌వేర్ ఎక్కడ ఎక్కిస్తారు?

నా కోపం ఇక్కడే. ఈ పిన్ను తీసేసింది ఐదారు లక్షల బాడీలో కాదు. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడు కొనుక్కునే మొదటి బాడీలో. వాడి చేతిలో ఉన్న సామానంతా ఇంకొకరు వాడి ఇచ్చిందే. ఆ సామాను పనికిరాకుండా చేసే మార్పు సరిగ్గా వాడి బాడీలోనే వచ్చింది. పెద్ద బాడీ కొన్నవాడికి పిన్ను ఉంది, అయినా వాడు పాత ఫ్లాష్ వాడడు.

పాతది పోయినప్పుడల్లా గుండెలు బాదుకునే రకాన్ని కాను నేను. కొన్ని మార్పులకి లెక్క ఉంటుంది, ఆ లెక్క మనకి కనపడుతుంది. 1987లో ఇదే కానన్ చేసిన పని చూడండి. అప్పటిదాకా దాని లెన్స్‌లన్నీ ఎఫ్‌డీ మౌంట్‌వి. 1971లో ఎఫ్-1తో మొదలైన మౌంట్ అది. 1976లో వచ్చిన ఏఈ-1తో ప్రపంచమంతా పాకింది. 1986లో టీ90 అనే అద్భుతమైన బాడీ దించారు. అప్పుచేసి అది కొన్నవాళ్లు ఉంటారు తప్పకుండా. ఏడాది తిరిగిందో లేదో ఈఓఎస్ 650 వచ్చింది, ఈఎఫ్ అనే కొత్త మౌంట్‌తో. పాత లెన్స్ ఒక్కటి కూడా ఎక్కదు.

ఎక్కించుకుందామన్నా కుదరదు, అక్కడ కొలతే అడ్డం. లెన్స్ కూర్చునే అంచు నుంచి ఫిల్మ్ దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. ఎఫ్‌డీది 42 మిల్లీమీటర్లు, ఈఎఫ్‌ది 44. పాత లెన్స్ కొత్త బాడీ మీద రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగి కూర్చుంటుంది, పైన అడాప్టర్ మందం ఒకటి. దగ్గరివి ఫోకస్ అవుతాయి, దూరంగా ఉన్న కొండ ఎప్పటికీ కాదు. మధ్యలో గాజు పెట్టిన కన్వర్టర్ ఒకటి కానన్ చేసింది, అది కొన్ని టెలిఫొటో లెన్స్‌లకే పనికొచ్చేది. వృత్తిలో ఉన్నవాళ్లు ఎంత మండిపడి ఉంటారో ఊహించగలను.

అయినా ఆ రోజు కానన్ చేసింది సబబే అంటాను. ఎఫ్‌డీలో అపెర్చర్ కదిలేది లివర్ల మీద. ఈఎఫ్‌లో లివర్ అన్నదే లేదు. మోటారు లెన్స్‌లోనే ఉంటుంది, అపెర్చర్‌తో సహా మాటలన్నీ కరెంటు మీదే నడుస్తాయి. నోరు 54 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ మౌంట్ మూడు దశాబ్దాలు బతికింది. 2018లో ఆర్ఎఫ్ మౌంట్ వచ్చినప్పుడు కూడా ఒక ఖాళీ రింగు లాంటి అడాప్టర్‌తో ఈఎఫ్ లెన్స్‌లన్నీ ఆటోఫోకస్‌తో సహా ఎక్కేశాయి. ఒకసారి గట్టిగా నొప్పి పెట్టి మళ్లీ ముట్టుకోకుండా ఉంటే సర్దుకుపోవచ్చు.

నికాన్‌ది ఇంకో దారి. 1959లో పెట్టిన ఎఫ్ మౌంట్‌ని వదల్లేదు, కానీ లోపల ఒక్కో తీగా మారుస్తూ వచ్చింది. 1977లో అపెర్చర్ సంగతి బాడీకి చెప్పే పద్ధతి మార్చి ఏఐ అన్నారు (ఈ ఏఐ వేరు, ఇప్పటిది కాదు). పాత లెన్స్‌ని కొత్త బాడీ మీద బలవంతంగా తిప్పితే బాడీ అంచునున్న చిన్న నాలిక విరిగేది. నికాన్ అప్పుడు చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. పాత లెన్స్ తీసుకెళ్లి ఇస్తే, కాస్త రుసుము తీసుకుని కొత్త అపెర్చర్ రింగు బిగించి ఇచ్చేవాళ్లు. కొత్త లెన్స్ కొనుక్కోమని తలుపు వేసెయ్యలేదు.

అదే నికాన్ 2006లో డి40 తెచ్చింది. చిన్నది, చవకది, బాడీలో ఫోకస్ మోటారు లేదు. బాడీ మోటారు మీద ఆధారపడే ఏఎఫ్-డి లెన్స్‌లు ఎక్కుతాయి, ఫొటో వస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. ఇక్కడొక తమాషా ఉంది. ఖర్చు తగ్గించడానికి డి40లో ఆ ఏఐ నాలిక కూడా పెట్టలేదు. దాంతో 1977కు ముందు లెన్స్‌లు, ఖరీదైన బాడీల మీద పెట్టడానికి భయపడాల్సినవి, దీని మీద హాయిగా కూర్చున్నాయి. మీటర్ పనిచేయదు, అంతే. తండ్రి లెన్స్‌కి తలుపు మూసి తాత లెన్స్‌కి తెరిచిన కెమెరా ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

2018లో మిర్రర్‌లెస్ జెడ్ బాడీలతో పాటు ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్ ఇచ్చారు. అందులోనూ మోటారు పెట్టలేదు. 80-200 ఏఎఫ్-డి లెన్స్ ఎన్ని పెళ్లి ఆల్బమ్‌లని పోషించిందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లని అడగండి. చేతిలో పట్టుకుంటే ఇనుప ముక్కలా ఉండేది. దాని గాజు ఇవాళ్టికీ చెక్కు చెదరలేదు. అడాప్టర్ మీద పెడితే చేత్తో ఫోకస్ చేసుకోవాలి. కోలాటం ఆడుతున్న పిల్లల్ని చేత్తో ఫోకస్ చేయడం నా కళ్లకైతే ఇక చేతకాదు. ఆ అడాప్టర్‌లో చిన్న మోటారు పెట్టి ఇంకాస్త ఎక్కువ తీసుకున్నా లైన్లో నిలబడి కొనేవాళ్లం కదా.

ఫ్లాష్ గాడి విషయానికే వస్తే, మినోల్టా 1988లో అందరితో ఉన్న గాడి వదిలి తన సొంత ఆకారం పెట్టుకుంది. 2006లో ఆ కెమెరా వ్యాపారం సోనీ చేతికొచ్చింది, ఆ వింత గాడి కూడా వచ్చింది. 2012లో సోనీ దాన్ని మార్చి, నడిమి చుక్కతో సహా మామూలు ఆకారంలోకి తెచ్చింది. పాత ఫ్లాష్‌లున్న వాళ్లు మళ్లీ అడాప్టర్ కొనుక్కోవాల్సి వచ్చింది, నిజమే. వాళ్లతో పాటు నేను కోప్పడను. ఆ మార్పు అందరి వైపూ వచ్చింది.

కోఠిలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆయన కౌంటర్ అద్దం కింద అడాప్టర్లు, రింగులు, విప్పిన లెన్స్ అంచులు గుట్టగా ఉంటాయి. ఒక మధ్యాహ్నం ఆ గుట్టలోంచి ఒక ఖాళీ రింగు తీసి, ఎవరో అమ్ముకుపోయిన ఎఫ్‌డీ 50 ఎంఎం లెన్స్‌కి బిగించి, మిర్రర్‌లెస్ బాడీ మీద పెట్టాడు. 

“లోపల గాజు లేదా?” అన్నాను.

“గాజెందుకు సార్? ఈ బాడీల అద్దం లేదు గదా. జాగ మస్తుంది.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అద్దం తీసేశాక ఫ్లాంజ్ దూరం తగ్గిపోయింది. సోనీ ‘ఈ’ మౌంట్‌ది 18, కానన్ ఆర్ఎఫ్‌ది 20, నికాన్ జెడ్‌ది 16. మిగిలిన ఇరవై పైచిలుకు మిల్లీమీటర్లలో ఎంత రింగైనా పడుతుంది. 1987లో రెండు మిల్లీమీటర్ల తేడాతో దిక్కులేనివైన లెన్స్‌లు, మూడు దశాబ్దాల తర్వాత ఎవరూ కోరకుండానే మళ్లీ కొండదాకా చూడటం మొదలుపెట్టాయి. అపెర్చర్ రింగు ఒక్కో మెట్టుకీ టక్కుమంటోంది. ఎదురుగా రోడ్డుకవతల చెరకు రసం బండి మీద ఫోకస్ తిప్పాను. గాజు అంచుల్లో కాస్త పొగమంచు, నడుమ మాత్రం కత్తిలా ఉంది.

“ఎంతకిస్తావ్?”

“రింగుకు పైసలియ్యుండ్రి. లెన్సును ఎవ్వడు కొంటుండు?” అని, నా మొహం చూసి వెంటనే, “కొనేటోళ్లు మోపైతున్నరనుకోండి ఈ నడుమ” అని ధర చెప్పాడు. బేరం ఆడాను, ఓడిపోయాను.

పాత సామాను మీద ఇంత ప్రేమ చూపిస్తున్నాను కాబట్టి ఒక ముల్లు సంగతి కూడా చెప్పాలి. వివిటార్ 283 లాంటి పాత ఫ్లాష్‌లు కొన్నింటిలో ఆ నడిమి చుక్క దగ్గరే రెండు వందల వోల్టులకి పైగా ఉంటుంది. ఫిల్మ్ కెమెరాల్లో ఇనుప స్విచ్చి కాబట్టి తట్టుకునేది. డిజిటల్ బాడీ లోపలి సున్నితమైన సర్క్యూట్‌ని అది కాల్చేయొచ్చు. అటకమీది ఫ్లాష్ దులిపి పెట్టేముందు మల్టీమీటర్‌తో చూపించుకోండి. కెమెరా కంపెనీలు ఇలాంటి కారణంతో జాగ్రత్త పడితే అర్థముంది. కానీ దానికి లోపల రక్షణ పెట్టవచ్చు, ఖరీదైన బాడీల్లో పెడుతూనే ఉన్నారు.

బ్యాటరీల మీద పెద్దగా ఫిర్యాదు లేదు. నికాన్ 2010లో తెచ్చిన ఈఎన్-ఈఎల్15 ఆకారాన్ని చివర అక్షరాలు తగిలించుకుంటూ ఇప్పటికీ నడిపిస్తోంది. కానన్ ఎల్‌పీ-ఈ6 2008 నాటిది. 2024లో ఆర్5 మార్క్ టూకి కొత్త రకం ఇచ్చినా, కొన్ని పనులు తగ్గించుకుని ఆ ముందు రకాన్నీ ఒప్పుకుంటోంది. చెయ్యాలనుకుంటే చెయ్యగలరు. బ్యాటరీ గ్రిప్ జోలికి మాత్రం నేను వెళ్లను. బాడీకో గ్రిప్. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. అదొక దండుగమారి వ్యవహారం.

ఈమధ్య యూరప్ వాళ్లు చట్టం చేసి, 2024 డిసెంబర్ చివరి నుంచి అక్కడ అమ్మే ఫోన్లతో పాటు డిజిటల్ కెమెరాలకి కూడా యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉండి తీరాలన్నారు. కేబుల్ మీద ప్రభుత్వాల కన్ను పడింది. హాట్ షూ మీద ఎవరి కన్నూ పడదు. ఐఎస్‌ఓ ప్రమాణం పాటించమని అడిగే పోలీసు ఎవరూ లేరు. కొనేవాళ్లు గట్టిగా అడగాలి, మన దగ్గర కొనేవాళ్లంటే ఎక్కువమంది మేమే.

ఏటా ఆగస్టు 19న తెలుగు జిల్లాల్లో ఫొటోగ్రాఫర్ల సంఘాలు డాగురే చిత్రపటానికి దండ వేస్తాయి. 1839లో ఆ రోజున ఫ్రెంచి ప్రభుత్వం డాగురే ఫొటో పద్ధతిని బహిరంగం చేసి, లోకమంతా వాడుకోండని ఇచ్చేసింది. డాగురే మాత్రం తక్కువవాడేం కాదు, అంతకు ఐదు రోజుల ముందే దానికి ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకుని ఉంచుకున్నాడు. మొన్నటి సభలో దండలయ్యాక నేను లేచి, కెమెరా కంపెనీలకి సంఘం తరఫున తీర్మానం పంపుదామన్నాను. చవక బాడీల్లో నడిమి పిన్ను ఉండాలి, అడాప్టర్లో మోటారు ఉండాలి, ఈ రెండే.

“మంచిగనే ఉంది గని అన్నా,” అన్నాడు వెనక వరసలో ఒక తమ్ముడు, “జపానోళ్లకు తెలుగులో పంపుతమా?”

అందరూ నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. ఇంగ్లీషులో రాయండి, ముందు గ్రూప్ ఇన్సూరెన్స్ సంగతి తేలాక దీన్ని చూద్దాం అన్నాడు. ఇన్సూరెన్స్ తేలలేదు. తీర్మానం మాత్రం రాశాను, అది కార్యదర్శి వాట్సాప్‌లో ఉంది, రెండు నీలం టిక్కులు పడ్డాయి.