పారంపర్యము: ఒకే మూలపదం, రెండు అనువాదాలు

సోమలలో బైబిలు తరగతి ముగిశాక ఒక సంఘ పెద్ద నన్నడిగారు: “అయ్యగారూ, పారంపర్యాచారము తప్పని ప్రభువే చెప్పాడు గదా, మరి బిషప్పుల పరంపర మనకెందుకు?” ప్రశ్న న్యాయమైనదే. అయితే చిక్కు సిద్ధాంతంలో కంటె అనువాదంలో ఎక్కువగా ఉన్నది.

గ్రీకులో ‘పరదోసిస్’ అనగా ఒకరు మరొకరికి అప్పగించినది. మార్కు 7లోను, కొలొస్సయులకు 2:8లోను మన పాత అనువాదం దానిని ‘పారంపర్యాచారము’ అన్నది. అదే పదం 1 కొరింథీయులకు 11:2లో ‘కట్టడలు’, 2 థెస్సలొనీకయులకు 2:15లో ‘విధులు’ అయినది. నిందించిన చోట ఒక మాట, మెచ్చుకొన్న చోట వేరొక మాట! (1978 నాటి ఎన్.ఐ.వి. ఆంగ్ల బైబిలు చేసినదీ ఇదే.) కనుక పౌలు ప్రకటించిన సువార్త కూడా ఒక పారంపర్యమేనని తెలుగు పాఠకునికి తోచదు.

గురుపరంపరను చూపుకోవడం ఆనాటి లోకరీతి. గ్రీకు తత్వవేత్తలు తమ గురువుల వరుసలు వ్రాసుకొన్నారు. మిష్నాలోని ‘పిర్కే ఆవోత్’ ధర్మశాస్త్రం మోషే నుండి యెహోషువకు, పెద్దలకు, ప్రవక్తలకు అందిన వరుసను చెప్పుతున్నది. క్రీ.శ. 180 ప్రాంతంలో ఇరేనియస్ లీనుతో మొదలుపెట్టి రోమా అధ్యక్షుల జాబితా ఇచ్చాడు. హస్తనిక్షేపణ గొలుసుకు దీనినే రుజువుగా చూపేవారున్నారు. ఇది తొందరపాటు. ఎందుకంటే గొలుసు ప్రతిపక్షానికీ ఉన్నది: వాలెంటీనస్ పౌలు శిష్యుడైన థ్యూదాసు వద్ద విన్నాడని అతని అనుచరులు చెప్పుకొన్నారు. వారిది రహస్య బోధ. ఇరేనియస్ చూపినది సంఘాలలో బాహాటంగా బోధించబడినది. అతని వాదబలం అక్కడ ఉన్నది. పైగా, అగ్రస్థానాలతో ఉప్పొంగే పెద్దలకు దూరంగా ఉండుమని అతడే హెచ్చరించాడు.

మదనపల్లె ప్రాంతపు సంఘాలు ఆర్కాటు మిషను ద్వారా వచ్చినవి. అది బిషప్పులు లేని రిఫార్మ్‌డ్ సంప్రదాయం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం బిషప్పు పరిచర్యను అంగీకరించినది గాని, దానికి ఏ ఒక్క వ్యాఖ్యానాన్నీ విధించలేదు. పూర్వపు పాదిరులకు తిరిగి అభిషేకం అడగలేదు. నంద్యాల ఆంగ్లికనులలో అనేకులు ఇందుకు సమ్మతించక వెలుపల నిలిచారు. ఆ నిర్ణయం సరియైనదే. కాని వ్యాఖ్యానం విడిచిన ఖాళీలో ‘వారసత్వం’ అన్న మాట వచ్చి కూర్చున్నది. తెలుగులో అది తండ్రి పొలం కొడుకుకు వచ్చే మాట. సంఘాన్ని కూడా అలాగే కుమారునికి వ్రాసి ఇచ్చేవారిని చూస్తున్నాము.

2 తిమోతి 2:2లో పౌలు, తిమోతి, నమ్మకమైన మనుష్యులు, ఇతరులు అని నాలుగు తరాలున్నవి. రక్తసంబంధం ప్రస్తావన లేదు. విన్నది ‘అనేక సాక్షుల యెదుట’. ఆ పెద్దకు ఈ వచనమే చదివి వినిపించాను. పదం విషయానికొస్తే, కొత్త సవరణ చేసేవారు ‘అప్పగింపు’ను పరిశీలించవచ్చు. 1 కొరింథీయులకు 11:2లోను, 15:3లోను ఆ క్రియ ఇప్పటికే ఉన్నది.