మణికట్టు మీద మూడు వేళ్లు

గుండెదడతో వచ్చిన చిక్కేమిటంటే, అది డాక్టరు గది దాకా మనతో రాదు. రాత్రి పక్క మీద ఎడమవైపు ఒత్తిగిలగానే దబ్బున ఒక దెబ్బ కొడుతుంది. పొద్దున్నే పుదుచ్చేరి కదిర్కామంలో ఇందిరా గాంధీ వైద్య కళాశాల ఆసుపత్రి ఓపీ వరసలో నిలబడితే, నిలబడినంతసేపూ బుద్ధిగా కొట్టుకుంటుంది. ఈసీజీ తీస్తే వంక పెట్టడానికేమీ ఉండదు. ఆ కాయితం మీదకెక్కేది పది సెకన్ల గుండె. మన భయమంతా మిగతా రోజుది.

అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు స్టెతస్కోపు తీయకముందే ఒక పని చేయమంటారు. "ఎలా కొట్టుకుందో బల్ల మీద వేలితో కొట్టి చూపించండి" అంటారు. తమిళులకైనా మా యానాం తెలుగువాళ్లకైనా ఈ పరీక్షకి దుబాసీ అక్కర్లేదు. ఒకరు తీరిగ్గా కొడుతూ కొడుతూ మధ్యలో ఒకటి ముందుకు తోసి, కాస్త ఆగి, తర్వాతది గట్టిగా కొడతారు. ఒకరు టకటకమని ఒకే వేగంతో కొట్టి, ఠక్కున ఆపేస్తారు. ఇంకొకరి వేలికి లెక్కే ఉండదు, ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం సమానంగా ఉండదు. మొదటిది చాలామందిలో ప్రమాదం లేని అదనపు దెబ్బ. రెండోది గుండెలోని కరెంటు అడ్డదారి పట్టి గిరగిరా తిరగడం కావచ్చు. మూడోది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితే, గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదం ఉంది కనక ఆ వేలిని తేలిగ్గా తీసుకోరు. బల్ల మీద ఇంత తెలిశాకే మిగతా పరీక్షలు.

మాది యానాం. పుదుచ్చేరి కొలువు పుణ్యమా అని ఇక్కడికొచ్చి, పింఛనుతో కదిర్కామంలోనే స్థిరపడ్డాను. యానానికి రాజధాని పుదుచ్చేరి. మధ్యలో కోస్తా ఆంధ్రలో చాలా భాగం దాటాలి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట. అయినా పెద్ద జబ్బు చేస్తే మావాళ్లలో చాలామంది చూపు ఇటే. ఇక్కడ పెద్దాసుపత్రులు రెండు. ఒకటి మా వీధికి దగ్గరున్న ఇందిరా గాంధీ, రెండోది గోరిమేడులో జిప్మర్. జిప్మర్‌కి మూలం ఫ్రెంచివాళ్లు 1823లో పెట్టిన వైద్య పాఠశాల. మా ఇంట్లో ఒక మంచం ఎప్పుడూ ఆసుపత్రి చుట్టాలదే.

నా దడ పాతది. అన్ని పరీక్షలూ అయ్యాయి. గుండె బాగానే ఉంది, థైరాయిడ్ బాగానే ఉంది, లవణాలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. దెబ్బలు మాత్రం అప్పుడప్పుడూ వస్తాయి, పోతాయి. వాటితో కాపురం చేస్తూ నేర్చుకున్న పని ఒక్కటే, నాడి పట్టుకోవడం. బొటనవేలి వైపు, మణికట్టు ముడతకి కాస్త కిందగా, ఎముకకీ స్నాయువుకీ మధ్య చిన్న పల్లం ఉంటుంది. అక్కడ చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు ఆనించాలి. బొటనవేలు పనికిరాదు, దాని నాడే మనకు తెలిసిపోతుంది. గట్టిగా నొక్కితే నాడి మాయమవుతుంది. వదులుగా ఆనిస్తే అందదు. ఆ రెంటికీ మధ్య ఒత్తిడి వేళ్లకి పట్టుబడాలి. దెబ్బలు తప్పుతున్నప్పుడు పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం కుదరదు, పూర్తి నిమిషం లెక్కపెట్టాల్సిందే.

ఇందులో ఒక తమాషా ఉంది. గుండె ఒక దెబ్బ ఎక్కువ కొట్టినప్పుడు చేతికి ఒకటి తక్కువైనట్టుంటుంది. ఆ అదనపు దెబ్బ తొందరపడి వస్తుంది కనక, అప్పటికి గుండె గదిలో రక్తం నిండదు. ఖాళీ గది బిగుసుకుంటే మణికట్టు దాకా అల రాదు. ఆ తర్వాత గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో రక్తం మామూలు కన్నా ఎక్కువ నిండుతుంది. తర్వాతి దెబ్బ దాన్నంతా ఒక్కసారి తోస్తుంది. మనం ఉలిక్కిపడే దబ్బు అదే. అంటే మనల్ని భయపెట్టేది తప్పిన దెబ్బ కాదు, దాని తర్వాత సరిగ్గా పడ్డది. ఇది తెలిశాక నాకు సగం భయం పోయింది. భయం పోతే ఒంట్లో అడ్రినలిన్ తగ్గుతుంది, అడ్రినలిన్ తగ్గితే దెబ్బలూ కొన్ని తగ్గుతాయి.

మన పాత వైద్యులకి ఇదంతా వేళ్ల మీది విద్య. తెలుగునాట పుట్టిన వైద్యగ్రంథం బసవరాజీయం నాడీ పరీక్షకి పెద్దపీట వేసింది. నాడి పట్టి వాతపిత్తకఫాల జాతకమంతా చెప్పేస్తామనే మాట నేను నమ్మను. కానీ రోగి చెయ్యి అంతసేపు పట్టుకుని కూర్చునే తీరిక వాళ్లకుండేది. ఇప్పటి ఓపీలో డాక్టరుకి ఆ తీరిక లేదు. ఆ పని రోగే నేర్చుకోవాలి. చేతిలో ఒక చిన్న పుస్తకం, అందులో వేళ, అంతకుముందు తిన్నదీ తాగిందీ, ఎలా మొదలైందీ, ఎలా ఆగిందీ రాసుకుంటే చాలు. ఒంటికి తగిలించి గుండె దెబ్బలు నమోదు చేసే హోల్టర్ మిషన్ ఇరవైనాలుగ్గంటలు చేసేదీ దాదాపు ఇదే. అమెరికాలో నార్మన్ హోల్టర్ మొదట్లో కట్టిన యంత్రం సుమారు 38 కిలోలు, వీపున మోసుకు తిరగాల్సి వచ్చేది. ఇప్పటిది జేబులో పడుతుంది.

ఇక మా పిన్ని సంగతి. దడ అని యానాం నించి వచ్చింది. "ఏవిటోరా అబ్బాయ్, లోపల గేలానికి పడ్డ చేప తన్నుకున్నట్టుంది" అంది. వేలితో కొట్టి చూపించమంటే డాక్టరమ్మ ముందు బల్ల మీద చక్కగా కొట్టింది. ఒకటి, ఒకటి, ఒకటి, వెంటనే ఇంకోటి, ఖాళీ, దబ్బు. డాక్టరమ్మ నవ్వి, "ఏ మాత్రలు వాడుతున్నారు పాటీ?" అని తమిళంలో అడిగింది. పిన్ని చేతిసంచిలోంచి బిస్కట్ల డబ్బా తీసింది. ఒకటి బీపీది, అందులో ఒంట్లో నీరు లాగే మందు కలిసి ఉంది. ఇంకోటి గ్యాస్ మాత్ర, పాంటప్రజోల్. అది ఎవరు రాశారో, ఎప్పుడు మొదలెట్టిందో పిన్నికే గుర్తులేదు. పరగడుపున అది పడందే కాఫీ దిగదు. ఆ డబ్బా చూశాకే డాక్టరమ్మ రక్తపరీక్షకి రాసింది. పొటాషియం 3.1 వచ్చింది, ఉండాల్సింది 3.5 నుంచి 5 దాకా. మెగ్నీషియమూ తక్కువే.

మెగ్నీషియం గురించి మనవాళ్లకి పెద్దగా తెలీదు. ఐరన్ తెలుసు, కాల్షియం తెలుసు. ఒంట్లో మొత్తం మెగ్నీషియం పాతిక గ్రాముల దాకా ఉంటుంది. సగం పైన ఎముకల్లోనే. రక్తంలో తేలేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. అందుకని రక్తపరీక్ష మామూలుగా ఉన్నా లోపల కొరత ఉండొచ్చు. పరీక్షలోనే తక్కువొస్తే అది పట్టించుకోవాల్సిన కొరతే. గుండె కండరంలో ప్రతి కణం పొరలోనూ ఒక పంపు ఉంటుంది, సోడియాన్ని బయటికి తోసి పొటాషియాన్ని లోపలికి లాక్కుంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దాన్ని బయటపెట్టి, నలభై ఏళ్ల తర్వాత నోబెల్ అందుకున్నాడు. ఆ పంపుకి ఇంధనం ఏటీపీ. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరంలోంచి ఏటీపీని వేరు చేసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏటీపీ మెగ్నీషియంతో జతకడితే తప్ప పంపు దాన్ని వాడుకోలేదు. పైగా మెగ్నీషియం తగ్గితే మూత్రపిండాలు పొటాషియాన్ని పట్టి ఉంచలేక మూత్రంలో వదిలేస్తాయి. అప్పుడు పొటాషియం ఎంత పోసినా నిలవదు. ముందు మెగ్నీషియం సరిచేయాలి. వార్డులో ప్రతి హౌస్ సర్జనుకీ తెలిసిన మాటే ఇది, వార్డు బయట ఎవరూ చెప్పరు.

గ్యాస్ మాత్ర సంగతి ఇంకా విచిత్రం. ఈ జాతి మాత్రలు ఏడాదికి మించి వాడినవాళ్లలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. వాళ్లు చూసిన కేసుల్లో దాదాపు నాలుగింట ఒక వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా ఎక్కలేదు, మాత్ర మాన్పించాల్సి వచ్చింది. మా ఊళ్లోనూ ఇక్కడా ఏ మందుల షాపులోనైనా చీటీ లేకుండా "గ్యాస్‌కి ఒకటివ్వు" అంటే చేతిలో పెట్టేది ఇదే. కొరత ఉందని తెలియగానే మనం తినేదాంట్లో ఏది తక్కువైందా అని వెతుకుతాం. పిన్ని తిండిలో లోపమేమీ లేదు. రాగిజావ తాగుతుంది, ఆకుకూర లేందే ముద్ద దిగదు. వచ్చేది వస్తూనే ఉంది, రెండు మాత్రలు రెండు వైపుల నించి తోడేస్తున్నాయి. నాకు తెలిసి ఇదే అడగాల్సిన మొదటి ప్రశ్న. ఎటు పోతోంది? విరేచనాలా, నీరు లాగే మాత్రా, గ్యాస్ మాత్రా, సారాయా? పుదుచ్చేరిలో మందు చవక కనక నాలుగోదాన్ని మొహమాటపడకుండా అడగాలి. మద్యం మెగ్నీషియాన్ని మూత్రంలోకి తోస్తుంది, గుండె లయనీ తిన్నగా చెడగొడుతుంది.

లవణాలకీ గుండెకీ ఉన్న ముడి మొదట బయటపడింది ఒక పొరపాటు వల్ల. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెని ఉప్పునీటిలో ఉంచి చూస్తున్నాడు. బయట ఉన్నా గంటల తరబడి కొట్టుకుంది. తీరా చూస్తే సహాయకుడు శుద్ధిచేసిన నీటికి బదులు కుళాయి నీళ్లు పోశాడు. నిజంగా శుద్ధిచేసిన నీళ్లు పోస్తే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది. లండన్ కుళాయి నీటిలోని కాల్షియమే తేడా అని రింగర్ 1883లో రాశాడు. మన ఊళ్లలో విరేచనాలైనవాడికి కొక్కేనికి వేలాడదీసే ఆర్‌ఎల్ సీసాలో మొదటి అక్షరం ఆయనదే.

కొరత వల్ల గుండె దడదడలాడటం మా సర్కారు జిల్లాలకి కొత్తేం కాదు. బెరిబెరి మా తీరంలో పాత కాపు. కాళ్లు ఉబ్బి, ఆయాసం, దడ, చివరికి గుండె చేతులెత్తేయడం. మద్రాసు సైన్యంలో వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ ఆ జబ్బు మీద రాసిన పుస్తకం 1835లో మద్రాసులోనే అచ్చయింది. కారణం లవణం కాదు, విటమిన్ బీ1. కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడి పరిశోధన బృందం 1920లలో దాని వెంటపడింది. ఆయన పరిశోధన సంస్థే తర్వాత హైదరాబాద్ చేరి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెలుగు తీరం పచ్చి బియ్యాన్ని మరలో తెల్లగా పాలిష్ పట్టించి తినేది. తమిళ సీమ వడ్లని ఉడకబెట్టి ఆరబెట్టి దంచేది. ఉడికేటప్పుడు తవుడులోని విటమిన్ గింజలోకి దిగుతుంది, పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. అందుకే జబ్బు ఇటు అంతగా రాలేదు. నేనిప్పుడు కదిర్కామంలో ఇరుగుపొరుగుతో పాటు ఉప్పుడు బియ్యమే తింటున్నాను. గోదావరి జిల్లాల మిల్లులు ఇదే బియ్యాన్ని కేరళకి లారీల కొద్దీ పంపుతాయి గానీ, మావాళ్ల కంచంలోకి మాత్రం రానివ్వరు! మెగ్నీషియం సంగతికొస్తే అది కూడా తవుడుతోనే చాలావరకు పోతుంది.

ఒక్కమాట. లవణం అనగానే మెగ్నీషియం పొడి డబ్బా కొనేముందు హిమోగ్లోబిన్ చూపించుకోవడం మేలు, ముఖ్యంగా ఆడవాళ్లు. మెట్లెక్కితే దడ, ఆయాసం, నీరసం ఉంటే చాలాసార్లు దొంగ ఐరన్ కొరతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా కాస్త ఎక్కువే. ఇక దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా హఠాత్తుగా పోయిన చరిత్ర ఉంటే నాడి లెక్కపెడుతూ కూర్చోకూడదు. ఆటో పిలవాలి.

పిన్నికి పొటాషియం తక్కువని తెలియగానే మా వీధి వీధంతా వైద్యం చెప్పింది. రోజూ రెండు కొబ్బరిబోండాలు తాగించమన్నారు. అరటిపండన్నారు. చెడ్డ సలహా అనలేను, కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొచ్చి నేను ఆగాను. కవిటి, సోంపేట, కంచిలి, ఎటు చూసినా కొబ్బరితోటలే. ఆ తోటల కిందే ఇంటింటా కిడ్నీ జబ్బు. కిడ్నీ చెడినవాడికి పొటాషియం బయటికి పోదు, లోపలే పేరుకుంటుంది, హద్దు మీరితే గుండెని ఆపేస్తుంది. మెగ్నీషియం కూడా అంతే. చెట్టు నిండా బోండాలుండి తాగకూడని బతుకు వాళ్లది. మనకి దాహం తీర్చే నీళ్లే వాళ్లకి ప్రాణం మీదికి తెస్తాయి.

పిన్ని క్రియాటినిన్ రిపోర్టు వచ్చి, కిడ్నీలు బాగున్నాయని తేలాకే డాక్టరమ్మ చీటీ తిరగరాసింది. బీపీ మాత్ర మార్చింది, గ్యాస్ మాత్ర ఆపేసింది, కొన్నాళ్లపాటు మెగ్నీషియం మాత్ర, పొటాషియం సిరప్ ఇచ్చి, మళ్లీ రక్తపరీక్షకి రమ్మంది. దెబ్బలు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. గ్యాస్ మాత్ర మానినందుకు మాత్రం పిన్నికి నా మీద ఇంకా కోపమే. ఆ సిరప్‌ని గ్లాసుడు నీళ్లలో కలిపి ఇచ్చినప్పుడల్లా దాని రుచి గురించి ఆవిడ అన్న మాటలు పత్రికలో అచ్చువేయరు.