రేసు రద్దయ్యాక మిగిలే 21 కిలోమీటర్లు

హాఫ్ మారథాన్ రద్దయ్యాక ఆ 21.0975 కిలోమీటర్లను ఒంటరిగా పరిగెత్తేవాళ్లను చూసి, మెడల్ దక్కలేదన్న బాధను అలా తీర్చుకుంటున్నారని జాలిపడటం మామూలే. ఆ మాట నేను ఒప్పుకోను. రేసులో నిర్వాహకులు రన్నర్ తరఫున ఎన్నో పనులు చేస్తారు. దూరం కొలుస్తారు, ట్రాఫిక్ ఆపుతారు, దారిపొడవునా నీళ్లు అందిస్తారు, పడిపోతే అంబులెన్స్ పంపుతారు. ఆ పనులన్నీ తన నెత్తిన వేసుకున్నవాడికి పరుగు అంతవరకూ తెలియని కోణాల్లో తెలిసివస్తుంది. నజ్రాన్ లాంటి చోట ఉండేవాళ్లకు ఒంటరిగా పరిగెత్తే ఈ విద్య మరీ అవసరం. అది సౌదీ దక్షిణ కొసన, యెమెన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. రియాద్ వెళ్లాలంటే రోడ్డు మీద 900 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. రియాద్‌లోనైనా మొదటి పూర్తి మారథాన్ జరిగింది 2022 మార్చిలోనే. నజ్రాన్‌లో ఉద్యోగం చేసుకునే తెలుగువాడు రియాద్ రేసుకో, ఊరికెళ్లే సెలవు కలిసొస్తే ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కో పేరిచ్చి, నెలల తరబడి సాధన చేశాక అది రద్దయితే, దగ్గర్లో ఇంకో రేసు దొరకదు. చేసిన సాధన మాత్రం ఒంట్లోనే ఉంటుంది.

పోటీ ఆగిపోయిన చోట ఒంటరి పరుగు పుట్టడం కొత్తేమీ కాదు. 1890ల్లో ఇంగ్లండ్‌లో సైకిల్ రేసులు రోడ్లమీద గొడవగా మారి, పోలీసులు మొత్తం సైకిళ్లనే నిషేధిస్తారేమోనన్న భయంతో సైక్లిస్టుల జాతీయ సంఘమే గుంపుగా జరిగే రోడ్డు పోటీలను వద్దంది. అప్పుడు ఎఫ్.టి. బిడ్లేక్ అనే ఆయన 1895 అక్టోబరు 5న 50 మైళ్ల పోటీని ఇంకోలా జరిపించాడు. ఒకరి తర్వాత ఒకరు కొంత వ్యవధిలో బయలుదేరాలి, ఎవరి దారిన వాళ్లు తొక్కాలి, గడియారం చూసి గెలుపు తేల్చాలి. గత్యంతరం లేక మొదలైన ఆ టైమ్ ట్రయల్ ఇవాళ టూర్ డి ఫ్రాన్స్‌లో భాగం, ఒలింపిక్స్‌లో పతకమున్న పోటీ. 2020లో కోవిడ్ వల్ల పరుగుకూ అదే జరిగింది. 1897 నుంచి నడుస్తున్న బోస్టన్ మారథాన్‌ను రద్దు చేసి, ఎవరున్న చోట వాళ్లు ఆగకుండా ఆరు గంటల్లోపు పూర్తి చేయవచ్చన్నారు. అక్టోబరు 4న లండన్ మారథాన్‌ను 37 వేల మందికి పైగా తమ తమ ఊళ్లలోనే పూర్తి చేశారు. సౌదీలో అదే ఏడాది మార్చిలో క్రీడలు నిలిచిపోయాయి, 23 నుంచి సాయంత్రం 7 మొదలు ఉదయం 6 వరకు కర్ఫ్యూ పెట్టారు. అలాంటి కట్టుబాట్ల మధ్యే ఫ్రాన్స్‌లో ఎలిషా నొకోమోవిజ్ ఏడు మీటర్ల బాల్కనీలో అటూ ఇటూ పరిగెత్తి మారథాన్ దూరం ముగించాడు.

అయితే ఈ విద్యలో మొదటి పాఠం షూస్ కట్టుకోకముందే ఉంది. రేసు ఎందుకు రద్దయిందో తెలుసుకోవాలి. 2012లో శాండీ తుపాను తర్వాత న్యూయార్క్ మారథాన్‌ను రద్దు చేసింది, వరదలో మునిగిన వాళ్లకు అందాల్సిన మనుషులూ సామగ్రీ పరుగు మీదికి పోకూడదని. అందుకే రేసు జరగాల్సిన ఆ ఆదివారం సెంట్రల్ పార్కులో సొంతంగా పరిగెత్తినవాళ్లను తప్పుపట్టలేం. మరికొందరు స్టేటన్ ఐలండ్‌కు వెళ్లి బాధితులకు సామాన్లు పంచారు, వాళ్లు ఇంకా గొప్ప పని చేశారు. 2007 అక్టోబరులో చికాగో మారథాన్‌ను ఎండ తట్టుకోలేక మధ్యలో ఆపేశారు. 2021 మేలో చైనాలోని గాన్సు రాష్ట్రంలో కొండల మీది అల్ట్రా రేసును చలిగాలి కమ్మేసింది, 21 మంది చనిపోయారు. గుంపు వల్ల రద్దయిన రేసును ఒంటరిగా పరిగెత్తవచ్చు. వాతావరణం వల్ల రద్దయినదాన్ని అదే పూట ఒంటరిగా పరిగెత్తడం, ఆదుకునే మనిషిని కూడా వదులుకుని అదే ప్రమాదంలోకి వెళ్లడమే. ఈ తేడా పట్టించుకోనివాళ్లకు నేను చెప్పబోయే మెళకువలేవీ పనికిరావు.

నజ్రాన్, హైదరాబాద్ దాదాపు ఒకే అక్షాంశం మీద, 17.5 డిగ్రీల దగ్గర ఉన్నాయి. పగటి పొడవు రెండింటికీ ఒకటే. ఒంటికి మాత్రం రెండు చోట్లా పడే కష్టం వేరు. ఆగస్టులో హైదరాబాద్ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, బనియన్ తడిసి ముద్దవుతుంది. నజ్రాన్ సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైన ఉంది, గాలి పొడి. చెమట పట్టీపట్టకముందే ఆవిరైపోతుంది, దాంతో ఒంట్లో నీరు పోవడం లేదని భ్రమపడతాం. టోపీ అంచున తెల్లగా మిగిలే ఉప్పే అసలు లెక్క చెబుతుంది. వేసవి పగళ్లలో ఎండ 40 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది కాబట్టి అప్పుడు పరుగు మాటే వద్దు. డిసెంబరు, జనవరిలో, రోడ్లు ఖాళీగా ఉండే శుక్రవారం తెల్లవారుజాము మంచి సమయం. ఊరు దాటి సరిహద్దు వైపు పోయే దారులు వద్దు. కింగ్ ఫహద్ పార్కు లాంటి చోట రెండు మూడు కిలోమీటర్ల చుట్టు ఎంచుకుని, మొదలుపెట్టే చోట నీళ్లు, ఓఆర్ఎస్, నాలుగు ఖర్జూరాలు పెట్టుకుంటే ఆ మూలే ఎయిడ్ స్టేషన్. అలాగని చుట్టుకోసారి కడుపు నిండా తాగకూడదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయి ఉంది. దానికి ముఖ్య కారణం నీళ్లు తక్కువ కావడం కాదు, అతిగా తాగడం. దాహాన్ని నమ్ముకుని, కొద్దికొద్దిగా తాగడం మేలు.

దూరం విషయంలో వాచీని గుడ్డిగా నమ్మకూడదు. అధికారిక రేసు దారిని సైకిల్ చక్రానికి బిగించిన మీటరుతో అతి దగ్గరి గీత మీద కొలుస్తారు, పైగా తక్కువ కాకూడదని వెయ్యింటికొక వంతు కలుపుతారు. హాఫ్ మారథాన్‌కు అది 21 మీటర్లు. జీపీఎస్ కొండల పక్కన, ఎత్తైన గోడల పక్కన తడబడుతుంది. అందుకే వాచీ 21.1 చూపగానే ఆగిపోకుండా ఇంకో రెండు వందల మీటర్లు వెళ్లడం నిజాయితీ. 400 మీటర్ల ట్రాక్ దొరికితే సందేహమే లేదు, మొదటి లేన్‌లో 52 చుట్లు, ఆపైన 297.5 మీటర్లు. వేగం సంగతి ఇంకా కష్టం. రేసులో పక్కవాళ్ల ఊపుకు మొదటి అయిదు కిలోమీటర్లు మితిమీరి పోతాం, చివరి అయిదూ ఈడ్చుకుంటూ వస్తాం. ఒంటరిగా ఉన్నప్పుడు లాగేవాడూ లేడు, తోసేవాడూ లేడు. తొలి మూడు చుట్లు కావాలని అదుపులో ఉంచుకుని, రెండో సగాన్ని కొంచెం వేగంగా ముగించడం ఇక్కడే బాగా అలవడుతుంది.

ఒంటరిగా పరిగెత్తితే టైమింగ్ దెబ్బతింటుందన్నది గట్టి అభ్యంతరమే. 1898లో నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ రికార్డులను పరిశీలించి, ఒంటరిగా తొక్కినవాళ్లే అందరికన్నా నెమ్మదని చూపించాడు. కాబట్టి ఆ టైమింగ్‌ను రేసు టైమింగ్‌తో పోల్చడం న్యాయం కాదు, మునుపటి ఒంటరి పరుగుతోనే పోల్చుకోవాలి. ప్రమాదమన్న మాటా నిజమే. ఏ చుట్టులో ఉన్నామో ఫోన్‌లో చూస్తూ ఉండే స్నేహితుడొకరు తప్పనిసరి, తల తిరిగితే ఎన్నో కిలోమీటరులో ఉన్నా ఆగిపోవాలి. పదిమందితో కలిసి పరిగెత్తే ఆనందం ఇందులో లేదనేవాళ్లకు నా సమాధానం ఒక్కటే. గల్ఫ్‌లో మనవాళ్ల షిఫ్టులు కలవవు, సెలవులు కలవవు. ఒకరు శుక్రవారం, ఇంకొకరు మంగళవారం పరిగెత్తినా, కొలత ఒకటే అయితే ఆ టైమింగులను పక్కపక్కన పెట్టుకోవచ్చు. కావలసిందల్లా ఎవరో ఒకరు పూనుకుని, అనుమతి తీసుకుని, కొలిచే చక్రంతో ఒక చుట్టును సరిగ్గా కొలిచి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో అక్కడి తెలుగువాళ్లందరికీ తెలిసేలా రాసిపెట్టడం.