మారుమనస్సు, పశ్చాత్తాపం

పాత తెలుగు బైబిలు భాష కృతకమని తీసిపారేసేవారు మత్తయి సువార్తను ఒకసారి తీరిగ్గా చదవాలి. బాప్తిస్మమిచ్చు యోహాను జనాన్ని పిలిచింది 'మారుమనస్సు'కు. యేసును ముప్పై వెండి నాణేలకు అప్పగించిన యూదా పడింది 'పశ్చాత్తాపం'. గ్రీకు మూలంలోనూ ఇవి వేర్వేరు మాటలే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు రెంటినీ ఒకే మాటతో సరిపెట్టింది. మనవాళ్లు అలా చేయలేదు. తమిళనాట ఉన్న మన పాఠకులు అక్కడి బైబిల్లో ఎరిగిన 'మనం తిరుంబుదల్' కూడా మారుమనస్సుకు తోబుట్టువే.

ఇప్పటి ప్రసంగాల్లో, కరపత్రాల్లో ఈ రెండూ కలిసిపోతున్నాయి, ఏడిస్తే చాలన్నట్టు! కుమిలిపోవడంలో యూదాకు లోటేముంది? తప్పు ఒప్పుకున్నాడు, డబ్బు తిరిగిచ్చాడు, ఉరిపెట్టుకున్నాడు. వెనక్కి మాత్రం వెళ్లలేదు.

లూకా చెప్పిన తప్పిపోయిన కుమారుడు వెళ్లాడు. అతనికి 'బుద్ధి వచ్చినప్పుడు' అంటుంది మన అనువాదం. దెబ్బ తిన్నవాణ్ణి గురించి మన ఇళ్లల్లో అనే మాటే. (మూలంలో 'తనలోకి తాను వచ్చి' అని. ఆ లోతు ఇక్కడ కొంత పోయింది.) కూలివాడిగా పెట్టుకోమని అడగాలని ముందే అనుకుని బయల్దేరాడు. పాపం ఒప్పుకున్నాడు గాని, ఆ కూలి మాట నోట రాకముందే తండ్రి మంచి బట్టలు తెమ్మని పనివాళ్లకు పురమాయించాడు.