విజిల్ కోచ్, ఫోన్ కోచ్

కర్నూలు, కడప గ్రౌండ్లలో తెల్లారకముందే పరుగుకొచ్చే కుర్రాళ్లలో చాలామంది లెక్క 1600 మీటర్లు, అంటే నాలుగు రౌండ్లు. దూరం ఒకటే అయినా గురి వేరు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగవాళ్లకు 8 నిమిషాలు చాలు, రౌండుకు 2 నిమిషాలు. అగ్నివీర్‌లో 60 మార్కులూ రావాలంటే 5 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి, అంటే రౌండు 82.5 సెకన్లలో తిరగాలి. ఈ ఇద్దరినీ కోచింగ్ సార్లు ఒకే గీత మీద నిలబెట్టి విజిల్ ఊదేస్తారు.

రెండో రకం కోచింగ్ ఫోన్‌లో దొరుకుతోంది. డబ్బు కడితే ఎక్కడో ఉన్న కోచ్ మన టైమింగ్ చూసి, మన ఒక్కరికే వారంవారం ప్లాన్ పంపుతాడు. దీని వెనక లెక్క గట్టిదే. ఒక రేసు టైమింగ్‌ను బట్టి రోజువారీ పరుగు ఎంత నింపాదిగా, ఎంత వేగంగా ఉండాలో అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ ఎప్పుడో పట్టికలు కట్టాడు. మనిషి మనిషికీ ఉండే ఆ తేడా విజిల్‌కు పట్టదు.

కానీ కర్నూలు ఏప్రిల్ ఆ పట్టికలో ఇమడదు. 40 డిగ్రీలు దాటే రోజుల్లో పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు. చొక్కా వీపున తెల్లటి ఉప్పు చారలు చూస్తే గానీ ఎంత పోయిందో అర్థం కాదు. ముందురోజంతా బేల్దారి పని చేసొచ్చిన కుర్రాడు వెనకబడితే, ఫోన్‌కు కనిపించేది తగ్గిన వేగమే. గ్రౌండ్‌లో సార్‌కు వాడి నడకే చెబుతుంది. "మొదటి రౌండే ఎగిరితే మూడో రౌండుకు కూలబడతావు రా!" అని కంచె దగ్గర్నుంచి అరిచేదీ ఆయనే. అన్నీ చూస్తూనే వాడిచేతా అందరితో సమానంగా రౌండ్లు కొట్టిస్తాడు, నా గొడవంతా అక్కడే. పిక్క పట్టేసిందంటే సాకు అంటాడు.

ప్లానూ, పక్కనుండే కోచూ కలిస్తే ఏమవుతుందో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి చూపించింది. భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిల్లియర్ శిక్షణలో, 2022 మేలో సైప్రస్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.23 సెకన్లలో ముగించి, 2002 నాటి అనురాధా బిస్వాల్ జాతీయ రికార్డును చెరిపేసింది. తర్వాత 12.78 దాకా దిగింది.

అంత వసతి మనకెక్కడిది అనొచ్చు. అయినా నా ఓటు విజిల్ సార్‌కే. ఆయనకు తక్కువైంది ఒక నోట్‌బుక్: ఒక్కొక్కరి రౌండ్ టైమింగులు, నిన్న చేసిన పని, ఎక్కడ నొప్పి. ఫీజు కట్టేముందు ఆ నోట్‌బుక్ చూపించమని అడగండి.