నాలుగు స్వరాల రాగాలు, ఒక తెలుగు వాగ్గేయకారుడు

మా పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడ్డవే ఎక్కువ. ఇక్కడి పిల్లల దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరెత్తితే "సినిమాల్లో పాడారు కదా" అంటారు. పాడారు, నిజమే. కానీ ఆయన కట్టిన కృతుల మాటేమిటి? త్యాగరాజస్వామి తర్వాత తెలుగులో అంతటి వాగ్గేయకారుడు లేడని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, త్యాగరాజ శిష్యపరంపరలోని వారు. ఎనిమిదేళ్ళకే విజయవాడలో కచేరీ. పదిహేనేళ్ళకే 72 మేళకర్త రాగాలనూ స్వాధీనం చేసుకుని ఒక్కోదానిలో కృతి కట్టడానికి పూనుకున్నారు. అవి 1952లో ‘జనకరాగ మంజరి’గా అచ్చయ్యాయి. అందులో 40 వివాది మేళాలు, అంటే పొసగని స్వరాలు పక్కపక్కనే ఉండేవి! తలపండిన విద్వాంసులే జంకే చోట ఆ కుర్రవాడు హాయిగా తిరిగాడు.

రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్నది పాత కట్టుబాటు. మురళిగారు నాలుగింటితో ‘మహతి’ కట్టారు. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. ఒక స్వరం నుంచి మరోదానికి వెళ్ళాలంటే దూకాల్సిందే, మధ్యలో కాలు పెట్టుకోను మెట్టు లేదు. నిషాదం మీద ఎంతసేపు నిలవాలో, గాంధారాన్ని ఎంత కదపాలో తెలియకపోతే రాగం కుప్పకూలుతుంది. పాశ్చాత్యులు ఈ నాలుగింటినీ ఒకేసారి మోగించి డామినెంట్ సెవెంత్ కార్డ్ అంటారు. అది వినగానే వాళ్ళ చెవి తర్వాతి కార్డ్ కోసం ఆత్రపడుతుంది. మహతిలో ఆయన కట్టిన ‘మహనీయ మధురమూర్తే’ కృతిలో ఆ ఆత్రమంతా షడ్జం మీదికే వచ్చి చల్లబడుతుంది. ఎంత ధైర్యం, ఎంత నిదానం! 1975లో ‘అపూర్వ రాగంగళ్’ సినిమా కోసం ఎం.ఎస్. విశ్వనాథన్ ఈ రాగాన్నే పట్టుకున్నారు.

‘లవంగి’లో పంచమం కూడా లేదు. ‘సర్వశ్రీ’కి మూడే స్వరాలు. ఇక కదనకుతూహలం, బృందావని, కుంతలవరాళి తిల్లానాల గురించి మొదలెడితే ఈ పేజీ చాలదు.

మహతి, లవంగి లాంటి రాగాలు మీ సృష్టేనా అని వీణ ఎస్. బాలచందర్ బహిరంగంగానే తగవు పెట్టారు. నేను మురళిగారి పక్షం. స్వరాల పట్టిక ఎవరైనా వేస్తారు. దానికి కృతి కట్టి, పాడి, జనం చెవిలో నిలిపిందెవరు?

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఒళ్ళు మండుతుంది. కీబోర్డు మీద నాలుగు మీటలు నొక్కి మహతి వచ్చేసిందంటారు. సాహిత్యాన్ని ఎక్కడపడితే అక్కడ విరిచి, స్వరాలు పరుగెత్తించి చప్పట్లు కొట్టించుకుంటారు. ‘మురళి’ ముద్ర ఉన్న చరణం దాకా వెళ్ళే ఓపికే లేదు. ఆయన మాట ఎంత స్పష్టం! అక్షరం మింగకుండా పాడిన గొంతు అది.

దీవుల్లోని తెలుగు సంఘాల పెద్దలారా, ఈసారి ఉగాది వేదిక మీద సినిమా పాటలకు ఒక అరగంట తగ్గించండి. సంగీతం నేర్పే అమ్మలారా, పిల్లలకు ముందు ఆయన రికార్డులు వినిపించండి. కుంతలవరాళి తిల్లానాతో మొదలుపెట్టండి, కాళ్ళు వాటంతటవే తాళం వేస్తాయి. లవంగి తర్వాత నేర్పవచ్చు.