ఫొటో కింద పేరు లేనివాళ్లు

1902. వరంగల్ జిల్లా నెక్కొండ. చచ్చిన పులి పక్కన వైస్రాయి కర్జన్, ఆయన భార్య మేరీ. రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఫొటో ఇది. బ్రిటిష్ లైబ్రరీలో, కర్జన్ సేకరణలో ఉంది. 'పాత హైదరాబాద్' అని మనం షేర్ చేసుకునేవాటిలో చాలావరకు ఈ స్టూడియోవే.

పనితనానికి వంక పెట్టను. గాజు పలక మీద అంత వెలుగు పట్టడం మాటలా! కానీ ఆయన ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. కెమెరా పిలిచినవాళ్ల దగ్గరికే వెళ్లింది. అడవిలోంచి పులిని తోలినవాళ్లెవరో ఫొటో కింద రాసి లేదు.

1892లో ఆయనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టారు, నడిపింది ఒక ఇంగ్లిష్ మహిళ. పరదా ఆడవాళ్లు అక్కడ దిగిన ఫొటోలు ఇంటివాళ్ల కోసం, బజారు కోసం కాదు. అవి మనకు పెద్దగా కనపడకపోవడం వాళ్ల ఇష్టం, సరే. నెక్కొండ వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

మా ప్రొద్దుటూరు (కడపది కాదు, చేవెళ్ల వైపుది) లాంటి ఊళ్లలో పాత మొహాలంటే గోడ మీది పెళ్లి ఫొటోలే. వాటిని స్కాన్ చేయడం ఒక్కటే చాలదు. ఎవరు ఎవరో చెప్పే ముసలమ్మలు ఉండగానే, వెనక పేర్లు రాయించాలి.